మింగేసిన ‘కాదు’

ఆ సోమవారం మీటింగ్ పదకొండు నిమిషాల్లో అయిపోయింది. ఇంతకుముందైతే మా కంపెనీలో నలుగురు డైరెక్టర్లు ఒక గదిలో కూర్చున్నాక, ఏసీ ఎంతలో పెట్టాలన్నది తేలడానికే అంతకంటే ఎక్కువ పట్టేది. అలాంటిది ఆ రోజు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఊపిరి అందించే మా యంత్రంలో ఒక ముఖ్యమైన భాగం మార్చాలని తీర్మానించేసి, లేచి, నా వైపు చూసి నవ్వారు. నేను గది మూలన నా కంప్యూటర్ తెర ముందు కూర్చుని ఉన్నాను. నలుగురి ఒప్పుదలనూ కొలిచే గీత ఆ రోజు ఎక్కినంత ఎత్తు అంతకుముందెన్నడూ ఎక్కలేదు. దాన్ని కాగితం మీద అచ్చు తీసి ల్యాబ్ గోడకు అంటించుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయిన రోజది, దాచుకోవడం ఎందుకు.

నా పేరు భ్రమరాంబ. మెదడు, నరాలు నా చదువు. విశాఖపట్నంలో గాజువాక దాటాక ఉన్న ఈ కంపెనీలో నాకొక చిన్న ల్యాబ్ ఇచ్చారు. పిల్లల నరాల మీద పని చేయాలని వచ్చినదాన్ని, పెద్దవాళ్ళ మీద పని చేయాల్సి వచ్చింది. ఎందుకంటే ఇక్కడ జబ్బు వాళ్ళకే ఉంది.

కంపెనీ పెట్టింది కలిదిండి సుభద్ర గారు. భీమవరం మనిషి, అరవై దాటాయి, ఎదుటివాళ్ళను నొప్పించే మాట ఆవిడ నోట ఎవరూ విని ఎరగరు. క్వాలిటీ చూసేది గుంటూరు ఇమ్మానియేలు గారు. కోపమొస్తే బల్ల గుద్దేవారు, నిజానికి ఆ బల్లకు ఒక పక్క సొట్ట ఆయన వల్లే పడింది. అమ్మకాలు చూసే నర్సింగరావు గారిది వరంగల్. నెలలో ఇరవై రోజులు విమానాల్లోనే గడుపుతారు. ఉత్పత్తి చూసేది శ్రీకాకుళం నుంచి వచ్చిన వీరభద్రం. ఆయన నా భర్త.

నలుగురూ మంచివాళ్ళే, నలుగురికీ క్షణం తీరిక ఉండదు. వాళ్ళంతా ఒక గదిలో దొరకాలంటే మూడు వారాలు పట్టేది. దొరికాక ఆరు గంటలు మాట్లాడుకుని, ఎవరు దేనికి ఒప్పుకున్నారో తెలియకుండానే బయటికొచ్చేవారు. మర్నాడు ఫ్యాక్టరీలో ఒకరు ఎక్కించిన పార్టును ఇంకొకరు దించేవారు. ఇది చూసి చూసి, ఆరేళ్ళు కూర్చుని, ఒక బిళ్ళ తయారుచేశాను.

చొక్కా గుండీ అంత ఉంటుంది. చెవి వెనక అంటిస్తాం. మనిషి నోరు తెరవకముందే గొంతులోనూ దవడలోనూ సన్నటి కండరాలు కదులుతాయి. బిళ్ళ ఆ కదలికను పట్టి మిగతావాళ్ళ బిళ్ళలకు పంపుతుంది. మీరు ఒప్పుకోబోతుంటే వాళ్ళ చెవి వెనక వెచ్చగా తగులుతుంది, కాదనబోతుంటే చల్లగా తగులుతుంది. మొదటి రోజు నర్సింగరావు గారు ఆర్నెల్లలో ఇంకో ఫ్యాక్టరీ తెరుద్దామని మొదలుపెట్టారు. ఇమ్మానియేలు గారు “కుదరదు” అనడానికి ఇంకా నోరు తెరవనే లేదు. నర్సింగరావు గారు చెవి వెనక చెయ్యి పెట్టుకుని, “అమ్మో, ఐసుగడ్డ పెట్టినట్టయింది. వద్దు తియ్, నేనే బంద్ జేస్తున్న” అని కూలబడ్డారు. అందరూ పడీ పడీ నవ్వారు.

సుభద్ర గారు దానికి ‘ఒద్దిక’ అని పేరు పెట్టారు. ఏడాది తిరిగేసరికి మీటింగులు అరగంటకు దిగాయి, ఇమ్మానియేలు గారు బల్ల గుద్దడం మానేశారు. హైదరాబాదులో మూడు పెద్ద కంపెనీల పెద్దలు ఆ పై నెల నుంచి మా బిళ్ళలు పెట్టుకోవడానికి ఒప్పందం చేసుకున్నారు.

ఇక ఆ సోమవారం సంగతి. యంత్రంలో పాప వదిలిన ఊపిరి బయటికి పోవడానికి ఒక వాల్వు ఉంటుంది. అందులో ఉల్లిపొరంత పల్చటి సిలికాన్ పొర ఉంటుంది. పాత పొర చేసేవాళ్ళు చేయడం ఆపేశారు. కొత్తవాళ్ళ పొరను వెయ్యి గంటలు ఆడించి చూడాలని మా నియమం. రెండు వందల గంటలే ఆడించారు. మిగతాది వదిలేసి నూట పన్నెండు యంత్రాలు శనివారం లారీలెక్కించాలా అన్నది ప్రశ్న. ఎక్కిద్దామని పదకొండు నిమిషాల్లో తేల్చారు. అవన్నీ మన్యం ఆసుపత్రుల్లో పిల్లల వార్డులకు వెళ్ళాల్సినవి. ఇవి కాక మరో ఐదింటిని, కొత్త పొర వేసి, ఆ సాయంత్రమే ముందుగా పంపేశారు.

మంగళవారం సాయంత్రం నేనూ వీరభద్రం మర్రిపాలెం రైతుబజారుకు వెళ్ళాం. నేను కొబ్బరికాయ తీసుకుని వచ్చేసరికి ఆయన బెండకాయల రాశికీ దొండకాయల రాశికీ మధ్య ఖాళీ సంచితో నిలబడి ఉన్నారు. కుడిచెయ్యి చెవి వెనక ఉంది. అక్కడ బిళ్ళ లేదు, దాన్ని ఆఫీసులోనే తీసి పెడతారు.

“ఏటి బాబూ, తీసుకుంతావా నేదా? ఎనకాల జనాలున్నారు” అంటోంది కూరగాయలమ్మ.

“ఏది తీసుకోమంటావ్?” అని ఆయన నన్నడిగారు.

“మీ ఇష్టమండీ. ఏదైనా పర్లేదు.”

“కాదు, నువ్వే చెప్పు.”

ఒకప్పుడు ఈయనతో బజారుకు రావాలంటే నాకు తల ప్రాణం తోకకొచ్చేది. ప్రతి బెండకాయ కొసా విరిచి చూస్తారు, ముదురుదైతే మొహం మీదే చెప్తారు. ఇప్పుడు ఆ మనిషి చెవి నిమురుకుంటూ నిలబడ్డారు. నాకు భయమేసింది. పని ఎక్కువైందిలే అని సర్దిచెప్పుకుని దొండకాయలు తీసుకున్నాను.

గురువారం పొద్దున ఇద్దరం కారులో ఆఫీసుకు వెళ్తున్నాం. షీలానగర్ దగ్గర ఆయన ఫోను మోగింది. స్పీకరులో పెట్టారు.

“సార్, నేను పిల్లల వార్డు సిస్టర్ని సార్, జయమ్మని. కొండమీద ఆసుపత్రి. మీరు పంపిన కొత్త మిషను ఇందాక ఆగిపోయింది సార్. ఊపిరి లోపలికెల్తంది గానీ బయటికి రాటం లేదు. పాప ఛాతీ ఉబ్బిపోయింది.”

వీరభద్రం కారు పక్కకు తీసి ఆపేశారు. “పాపకెలాగుందమ్మా?”

“ఇప్పుడు పర్లేదు సార్. మిషను గొట్టం పీకేసి, చేత్తో ఊపిరిచ్చే అంబూ బ్యాగు అందుకున్నాను. పక్క ఊరి నుంచి పాత మిషను వచ్చేదాకా నలభై నిమిషాలు చేత్తోనే నొక్కాను. చెయ్యి లెగట్లేదు. సార్, ఒకటి అడుగుతాను. శనివారం మాకు ఇంకా మూడొస్తున్నాయన్నారు. అవీ ఇలాంటివేనా?”

“నేను... మీటింగులో పెడతానమ్మా” అన్నారాయన. ఫోను పెట్టేశాక కూడా స్టీరింగు మీద నుంచి చెయ్యి తీయలేదు.

“ఆ పొర మార్చడానికి మీరెందుకు ఒప్పుకున్నారు?” అని అడిగాను.

“నేనా? నాకు మొదట్నించీ అనుమానమే. ఏసీ లేని వార్డుల్లో వేడికి ఆ పొర జిగురెక్కుతాదని చెప్దామనుకున్నాను. ముగ్గురూ వెచ్చగా తగిలారు. క్వాలిటీ ఆయనే సరే అన్నాక నేనేటనేది?”

“మరి మీరేమన్నారు?”

“చూద్దాం అన్నాను.”

“అంటే సరే అన్నట్టే కదా!”

ఆయన నా వైపు తిరిగి వింతగా చూశారు. “ఆఫీసులో చూద్దాం అంటే సరే అనా? ఎవరు చెప్పారు నీకు? చూద్దాం అంటే వద్దనే. పెద్దావిడ ముందు వద్దని అనలేక అంటాం. ఆవిడా అంతే, మాకు వద్దని చెప్పలేక చూద్దాం అంటారు. అక్కడ అందరికీ తెలిసిందే కదా.”

నాకు తెలియదు.

పదకొండేళ్ళ కిందట ఆయన పుణెలో, నేను విశాఖలో ఉండేవాళ్ళం. ఇక్కడ నాకు ల్యాబ్ ఇస్తామంటున్నారు, మీరు ఆ ఉద్యోగం వదిలి రాగలరా అని ఫోనులో అడిగాను. “చూద్దాం” అన్నారు. నెల తిరక్కుండా రాజీనామా చేసి రెండు పెట్టెలతో రైలు దిగారు. మా ఇంట్లో ఆ మాటకు అర్థమది. గోడకు రంగు మార్చమన్నా, మా అమ్మను తెచ్చి మా దగ్గర ఉంచుకుందామన్నా ఆయన చూద్దామంటారు, ఆ పని అయిపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నిశ్చింతగా ఉంటుంది.

బిళ్ళకు చదువు చెప్పినప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, వాళ్ళ నలభై మీటింగులు కండరాల కదలికతో సహా రికార్డు చేసి, ప్రతి మాటా ఒప్పుకోలా కాదా అని గుర్తు పెట్టడం. సరే, అలాగే, కానివ్వండి ఒక పక్క. కాదు, కుదరదు, ససేమిరా ఇంకో పక్క. ‘చూద్దాం’ ఎదురైనప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒప్పుకోలు పక్క వేసేశాను.

ఆఫీసు చేరగానే ల్యాబ్ తలుపు వేసుకుని ఆ గుర్తులన్నీ తీశాను. నలభై మీటింగుల్లో ఆ మాట వెయ్యీ నూట నలభై సార్లు ఉంది. అన్నిటికీ ఒప్పుకోలు అనే నా గుర్తు. అంటే గొంతు దాకా వచ్చిన ‘కాదు’ను మనిషి మింగేసినప్పుడు కండరాలు ఎలా బిగుసుకుంటాయో, దాన్ని బిళ్ళ ఒప్పుదల అని నేర్చుకుంది. మింగినప్పుడల్లా మిగతా ముగ్గురికీ వెచ్చగా తగిలింది. ఆ వెచ్చదనం చూసి వాళ్ళు తమ ‘కాదు’ను ఇంకొంచెం గట్టిగా మింగారు. గట్టిగా మింగేకొద్దీ ఇంకా వెచ్చన.

ఆ ఒక్క గుర్తును తిరగేసి, సోమవారం మీటింగును మళ్ళీ నడిపించాను. గీత అట్టడుక్కి పడిపోయింది. నలుగురికి నలుగురూ వద్దనుకున్నారు. ఇమ్మానియేలు గారు అందరికంటే ఎక్కువగా అనుకున్నారు. గోడ మీద కాగితాన్ని చింపి బుట్టలో పడేశాను.

ఈ గుర్తులు సరిచూడటానికి రెండు గంటలు నాతో కూర్చోమని అప్పట్లో నలుగురినీ అడిగాను. ఎవరికి వారు విడివిడిగా “చూద్దాం” అన్నారు. వస్తారనుకుని రెండు నెలలు ఎదురుచూశాను. తీరిక లేదు కాబోలని నేనే ముగించేశాను.

అప్పుడు నాకొక పాడు ఆలోచన వచ్చింది. గుర్తు తిరగేయడానికి రెండు నిమిషాలు చాలు. తిరగేసి ఊరుకుంటే, శుక్రవారం మీటింగులో అందరికీ చల్లగా తగులుతుంది, లారీలు వాటంతటవే ఆగిపోతాయి. నా తప్పు ఎవరికీ తెలియదు. హైదరాబాదు వాళ్ళు వస్తారు, ఆరేళ్ళ పని నిలబడుతుంది. వేలు మీట మీద పెట్టాను కూడా. కానీ బజారులో చెవి నిమురుకుంటూ నిలబడ్డ మనిషి కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. అప్పుడు వెచ్చగా ఉందని తలాడించారు, ఇప్పుడు చల్లగా ఉందని తలాడిస్తారు. మధ్యలో వాళ్ళెక్కడ? మీట మీద నుంచి వేలు తీసేశాను. చెప్పి తీరాలి, అందరి మొహాల మీదా చెప్పాలి అని నిశ్చయించుకున్నాను.

శుక్రవారం పదింటికి నా టిఫిన్ డబ్బా ఖాళీ చేసి తీసుకెళ్ళాను. నలుగురి ముందూ మూత తీసి పెట్టి, బిళ్ళలు అందులో వేయమన్నాను.

“పది నిమిషాల మీటింగే కదమ్మా, పెట్టుకునే మాట్లాడుకుందాం లే” అన్నారు ఇమ్మానియేలు గారు.

“లేదు సార్. తీయాల్సిందే.”

తీశారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. జయమ్మ గారి ఫోను, మా ఇంటి మాట, ఆఫీసు మాట, నా గుర్తు, సోమవారం గీత, దేన్నీ దాచలేదు.

సుభద్ర గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. “అంటే ఏడాది నుంచీ మేము తీసుకున్నవన్నీ ఇలాగేనాండీ?”

“అరవై మూడు నిర్ణయాలండీ. ఎన్నింటిలో మీరు నిజంగా ఒప్పుకున్నారో నేను చెప్పలేను.”

“గీ మాటకి అర్థమేందని ముందుగాల మమ్మల్నడగొద్దా?” అన్నారు నర్సింగరావు గారు కోపంగా.

“అడిగాను సార్. చూద్దాం అన్నారు.”

ఆయన తల దించుకున్నారు. నాకూ జాలేసింది గానీ జాలికది సమయం కాదు.

“తప్పు నాది. దాని సంగతి తర్వాత ఏం చేసినా పడతాను. రేపు లారీలు కదలాలా వద్దా, ముందది చెప్పండి” అన్నాను.

నేను ఊహించింది ఒక గొడవ. అందరి మనసులోనూ ‘కాదు’ అనే ఉందని తెలిశాక నలుగురూ ఒక్కసారి లేస్తారనుకున్నాను. లేవలేదు. ఒకరి తర్వాత ఒకరుగా నాలుగు చేతులు చెవుల వెనక్కి వెళ్ళాయి. సుభద్ర గారు, “ఇమ్మానియేలు గారూ, మీరేమంటారండీ?” అన్నారు. బల్లకు సొట్ట పెట్టిన మనిషి, “మీరెట్టాగంటే అట్టాగేనండీ” అన్నారు. ఆ మాట వింటుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వీళ్ళని ఇలా చేసింది నేను.

కుర్చీ లాక్కెళ్ళి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాను.

“ఇదేంటండీ భ్రమర గారూ?” అన్నారు సుభద్ర గారు.

“నలుగురూ నోటితో చెప్పేదాకా ఈ తలుపు తీయను. జయమ్మ గారు నలభై నిమిషాలు ఒంటి చేత్తో పాపకు ఊపిరి పోశారు. ఆవిడకు పక్కనుంచి ఎవరూ వెచ్చగా తగల్లేదు. మీరూ నలభై నిమిషాలు తీసుకోండి, గంట తీసుకోండి. నేనిక్కడే ఉంటాను.”

ఇరవై నిమిషాలు గడిచాయి. ఇమ్మానియేలు గారు నీళ్ళు తాగారు. “కుదరదు” అన్నారు, పక్కవాళ్ళకు కూడా సరిగ్గా వినబడనంత మెల్లగా. తర్వాత ఇంకోసారి, “కుదరదు. రెండొందల గంటలు ఏసీ గదిలో ఆడించి, కొండ మీద రేకుల కప్పు కింద పెడతామా? వెయ్యి గంటలు, నలభై డిగ్రీల వేడిలో. అప్పటిదాకా నేను సంతకం పెట్టను. సోమవారం ఎందుకు పెట్టానో నాకే తెలవదు!” ఆ చివరి మాటకు బల్ల గుద్దారు. నీళ్ళ గ్లాసు ఎగిరి పడింది.

“నా షెడ్డులోంచి ఒక్కటీ కదలదు. వెళ్ళిన ఐదూ ఇవాళే వెనక్కి తెప్పిస్తాను. పాత పొరలు నా దగ్గర ఇరవై దాకా ఉన్నాయి. ముందు ఆ ఐదింటికి వేసి పంపుతాను” అన్నారు వీరభద్రం.

నర్సింగరావు గారు, “శనివారం తారీకు నేనే ఇచ్చిన. మీరెవ్వలూ ఇయ్యమనలే. ఇచ్చినంక వెనక్కి తీసుకోవడానికి నామోషీ అయింది. గదీ సంగతి. పంపొద్దు” అన్నారు.

మిగిలింది సుభద్ర గారు. ఆవిడ ఫోను తీసి, రాజధానిలో ఆ యంత్రాల కోసం ఎదురుచూస్తున్న అధికారికి చేసి, బల్ల మధ్యలో పెట్టారు. ఆయన శనివారం కార్యక్రమానికి మంత్రి గారు వస్తున్నారని ఉత్సాహంగా మొదలుపెట్టారు.

“లేదండీ. పంపలేమండీ” అన్నారావిడ. “లేదండీ, ఒకటీ రెండూ అని కాదు. ఏదీ పంపం. మా వాల్వు బాగాలేదు. అవునండీ, మా తప్పే. మీరేం రాసుకుంటారో రాసుకోండి.” అవతల నుంచి గద్దింపు వినిపిస్తూనే ఉంది. ఆవిడ మొత్తం విని, మళ్ళీ “లేదండీ” అని పెట్టేశారు. మొహమంతా చెమట పట్టింది. ఇమ్మానియేలు గారు లేచి ఫ్యాను వేశారు.

నేను తలుపు దగ్గర నుంచి కుర్చీ తీశాను. లారీలు ఆగాయి. నా గుండె కుదుటపడింది. కుదుటపడగానే నా స్వార్థం నాకు గుర్తొచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి.

“బిళ్ళలో తప్పు ఒక్క గుర్తే. మీరు నలుగురూ నాతో కూర్చుంటే రెండు నెలల్లో మొత్తం సరిచేస్తాను. ఈసారి మింగిన మాటనూ సరిగ్గా చల్లగానే చూపిస్తుంది” అన్నాను.

ముగ్గురి మొహాలూ వెలిగాయి. “అయితే మంచిదేనండీ, ఈసారి నేను తప్పకుండా కూర్చుంటాను” అన్నారు సుభద్ర గారు. ఇమ్మానియేలు గారు డబ్బాలోంచి తన బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకున్నారు.

“వద్దు.”

వీరభద్రం అన్నారు. నా వైపు చూస్తూ అన్నారు.

“సరిచేస్తానంటున్నా కదా” అన్నాను.

“సరిచేసినా వద్దు. సరిగ్గా పనిచేస్తేనే నాకు ఇంకా భయం. అప్పుడది చెప్పిందల్లా నిజమే అవుతాది. ఇంక నేనేటనుకుంటున్నానో నేను చూసుకోను.”

“ఆరేళ్ళండీ. ఆరేళ్ళు నేను ఆదివారం ఎరగను. మీకు తెలియదా?”

“తెలుసు. పక్కనే ఉన్నాను కదా. అయినా వద్దు. మాకే కాదు, హైదరాబాదు వాళ్ళకీ ఇవ్వొద్దు.”

పెళ్ళయి పదహారేళ్ళలో ఆయన నాకు ఎదురుగా వద్దని చెప్పడం అదే మొదలు. అది నలుగురిలో, నా ప్రాణం పెట్టి చేసినదాని మీద చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాదించాను. మధ్యాహ్నం భోజనాలు వచ్చి చల్లారిపోయేదాకా వాదించాను. నర్సింగరావు గారు మొదట నా పక్షం ఉండి, వింటూ వింటూ ఆయన పక్షం చేరారు. ఇమ్మానియేలు గారు ఇద్దరినీ తిట్టి, చివరికి అరచేతిలోని బిళ్ళను డబ్బాలో వేసేశారు. సుభద్ర గారు నా చెయ్యి పట్టుకుని, “నాకు అది కావాలనే ఉందండీ. అందుకే వద్దంటున్నాను” అన్నారు.

సాయంత్రం నాలుగింటికి నేను ఓడిపోయాను. హైదరాబాదు కంపెనీలకు రాయాల్సిన ఉత్తరం నలుగురి ముందే రాశాను, తప్పు ఏమిటో, ఎవరు చేశారో సహా. రాస్తుంటే ఏడుపొచ్చింది, ఆపుకోలేక అక్కడే బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. వీరభద్రం వచ్చి నా పక్కన కూర్చున్నారు. సుభద్ర గారు మంచినీళ్ళు ఇచ్చారు. నన్ను ఊరుకోబెట్టడానికి ఏ ఒక్కరూ తమ మాట మార్చుకోలేదు.